వ్యక్తి పగ, వర్గ న్యాయం: ‘ఎర్ర మహిళా దళం’ నుంచి మునగాల వరకు

చైనా విప్లవ బ్యాలే ‘ఎర్ర మహిళా దళం’ 1964లో రంగస్థలమెక్కింది. సాంస్కృతిక విప్లవకాలంలో ఆదర్శ ప్రదర్శనల్లో ఒకటై, మిగిలిన కళ నోరు మూయించడానికి సాధనమైంది. 1972లో నిక్సన్‌కు చూపినదీ దీనినే. ఆ రాజకీయం గతించినా ప్రేక్షకులు వస్తూనే ఉన్నారు. గతంపై మమకారమే కారణమనడం సులువైన సమాధానం. అసలు కారణం కథలోని ఒక తప్పులో ఉంది.

హైనాన్ దీవిలో భూస్వామి చెర నుండి పారిపోయిన వూ చింగ్‌హువా దళంలో చేరుతుంది. దాడివేళ శత్రువు కంటపడగానే సంకేతానికి ముందే తుపాకి పేలుస్తుంది. పథకం చెడుతుంది, అతడు తప్పించుకుంటాడు. విప్లవం ఒక్కరి పగ కాదని కృతి ఆమెను మందలిస్తుంది. కాని తొలి అంకంలో ఆమె తిన్న కొరడాదెబ్బలు చూసిన ప్రేక్షకునికి ఆ తూటా తప్పుగా తోచదు. కృతి దిద్దదలచిన కోపమే కృతిని బ్రతికిస్తున్నది. అయితే ఆ కోపం నైతికంగా దిద్దవలసినదేనా?

జగ్గయ్యపేట, నందిగామల మెరక ప్రాంతం ఈ ప్రశ్నను మరింత జటిలం చేస్తుంది. ఒకప్పుడు నందిగామ తాలూకాలో భాగమైన మునగాల పరగణా, నైజాం ఇలాకా నడుమ దీవిలా ఉండేది. దాని జమీందారు నాయని వెంకటరంగారావు. పెనుగంచిప్రోలులో జన్మించిన కొమర్రాజు లక్ష్మణరావు ఆయన దివాను. 1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికీ, 1906 నాటి విజ్ఞానచంద్రికా మండలికీ ఆ సంస్థానం అండ. తెలుగు పరిశోధన నేటికీ ఆ ఋణంలోనే ఉంది. ఆ జమీందారుపైనే 1930లలో వెట్టికీ అక్రమ వసూళ్లకూ వ్యతిరేకంగా రైతులు తిరగబడ్డారు.

బ్యాలేలోని భూస్వామికి గ్రంథాలయం ఉండదు. ఉంటే నృత్యం తడబడుతుంది. వర్గంగా మాత్రమే చూస్తే మునగాల రాజా వితరణ కనబడదు. వ్యక్తిగా మాత్రమే చూస్తే వెట్టి కనబడదు. సాహిత్యచరిత్ర రచనలో రెండవ లోపమే ఎక్కువ. పోషకుని పేరు పీఠికకెక్కుతుంది, వెట్టి చేసినవాని పేరు ఎక్కడా ఎక్కదు. పుస్తకాల బీరువా ఆ రైతు ఫిర్యాదును ఇసుమంతైనా తగ్గించదు.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల ‘మా భూమి’ నాటకంలో బందగీ ఉన్నాడు. ఆ పాత్రకు మూలమైన మనిషి విసునూరు దేశ్‌ముఖ్ కింద, తన సొంత చెలక కోసం, తన పేరిట, ఏళ్ల తరబడి కోర్టులో వ్యాజ్యమాడి చివరకు హత్యకు గురైనవాడు. వర్గం అనే మాట అతని వ్యాజ్యపత్రాల్లో ఉండదు. చింగ్‌హువాను మందలించిన కమిస్సారు అతనికేమి చెప్పగలడు?