తొలి కోత ఎవరి మీద?

మాఘ పౌర్ణమికి దివిసీమలోని హంసలదీవిలో కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట జనం మునకలు వేస్తారు. లోకుల పాపాలు మోసి నల్లబడిన గంగ కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగి, చివరికి ఇక్కడ మునగగానే హంసగా మారిందని స్థలపురాణం. ఒక్క మునకతో పాపం పోతుందని నమ్మే దివిసీమ జనమే, ఇంట్లో ఆడమనిషికి ఆపరేషన్ అనేసరికి డాక్టరు హస్తవాసి ఎలాంటిదని నలుగురినీ వాకబు చేస్తారు.

హస్తవాసి దైవదత్తమా, సాధనతో వచ్చేదా?

సుశ్రుతుడు సాధన వైపే నిలబడ్డాడు. సుశ్రుత సంహిత సూత్రస్థానం తొమ్మిదో అధ్యాయమంతా శిష్యుడి చేతికి తర్ఫీదు ఇవ్వడం గురించే. కోత గుమ్మడి, సొర, దోస కాయల మీద నేర్పాలి. చీల్చడం నీళ్లు, బురద నింపిన తోలుతిత్తుల మీద, నరం గుచ్చడం చచ్చిన పశువుల నరాల మీద, తామరతూళ్ల మీద, కుట్టు బట్ట మీద, మెత్తని తోలు మీద. శాస్త్రమంతా చదివినా ఇవి చేయనివాడు వైద్యానికి తగడన్నాడు. ఆ తర్వాతి అధ్యాయంలో, రాజు అనుమతి పొందాకే వృత్తిలోకి దిగాలన్నాడు.

కీహోల్ (లాప్రోస్కోపీ) పద్ధతిలో గర్భసంచి తీసే డాక్టరుకు ఈ మాట మరీ వర్తిస్తుంది. పొట్టను గ్యాస్‌తో ఉబ్బించి, చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పరికరాలు పంపి, తెర చూస్తూ పని చేయాలి. చెయ్యి కుడికి కదిపితే లోపల కొన ఎడమకు పోతుంది. మామూలు తెర మీద లోతు సరిగా తెలియదు. గర్భాశయ ధమని కిందుగానే మూత్రనాళం పోతుంది. అక్కడ తడబడితే ఆ తల్లికి మరో ఆపరేషన్ తప్పకపోవచ్చు.

అందుకే జర్మనీలోని కీల్‌లో గైనకాలజిస్టు కుర్ట్ జెమ్ సాధన కోసం పెల్విట్రైనర్ అనే పెట్టె తయారుచేశాడు. 1980లో లాప్రోస్కోపీతో తొలిసారి అపెండిక్స్ తీసిందీ ఆయనే. ఇప్పటి శిక్షణలో పెట్టెలోని ఆరు చిన్న ముక్కలను మేకుల మీంచి ఒక్కొక్కటిగా ఎత్తి, గాలిలోనే ఒక పరికరం నుంచి రెండోదానికి మార్చి, అవతలి మేకులకు తొడగాలి. ఎంత సమయం పట్టిందో లెక్క కడతారు.

అయినా చిక్కు తీరదు. పెట్టె మీద ఎంత సాధించినా, ఏదో ఒకరోజు ఆ చెయ్యి తొలిసారి మనిషిని తాకాలి. ఆ తొలి మనిషి చాలాసార్లు ఉచిత వార్డులోని పేద స్త్రీయే. ఆమె తన దేహంతో ఒక డాక్టరుకు విద్యాదానం చేస్తోంది. ఆ సంగతి ఆమెకు చెప్పకపోతే దాన్ని దానమని ఎలా అంటాం? గురువు పక్కనే నిలబడి, ఆమెకు ముందే చెప్పి, ఒప్పించి చేయిస్తేనే ఆ తొలి కోత ధర్మమవుతుంది.

చెయ్యి ఒక్కటే సిద్ధంగా ఉంటే సరిపోదు. 2022 ఆగస్టు 25న తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో 34 మంది స్త్రీలకు లాప్రోస్కోపీతో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. వారిలో నలుగురు చనిపోయారు. ఇన్ఫెక్షనే కారణమని తేలింది.

ఇంకో ప్రశ్న అన్నిటికన్నా ముందుది: అసలు ఆపరేషన్ అవసరమా? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 8.9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశ సగటు 3.2 శాతమే. అక్కర్లేని ఆపరేషన్ ఎంత నేర్పుగా చేసినా తప్పే.

మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. రేపు దివిసీమ ఆడవాళ్లకు ఆపరేషన్లు చేసేవాళ్లు అక్కడి నుంచీ వస్తారు. ఈలోగా ఆపరేషన్‌కు వెళ్లే ప్రతి తల్లీ, ఆమె వెంట వెళ్లేవాళ్లూ మొహమాటపడకుండా డాక్టరును అడగాలి: ఇది తప్పదా? ఇలాంటివి ఎన్ని చేశారు? మధ్యలో పొట్ట కోయాల్సి వస్తే పక్కన ఎవరుంటారు?