గాయపడిన గద్దకు కరుణ దక్కాలా?

సంక్రాంతి వెళ్ళిన మరునాడు హైదరాబాదులో చెట్ల కొమ్మలకూ, కరెంటు తీగలకూ తెగిన గాలిపటాల దారాలు వేలాడుతుంటాయి. పిల్లల ఆట ముగుస్తుంది, పక్షుల ఆపద మాత్రం ముగియదు. గాజుపొడి పట్టించిన మాంజా, ఎంత లాగినా తెగని నైలాను దారం గాలిలో పక్షి కంటికి ఆనవు. వాటికి తగిలి రెక్క తెగి నేల రాలే పక్షులలో గద్దలూ ఉంటాయి. ఇలాంటి దారాలను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. అయినా రెక్కలు తెగుతూనే ఉన్నాయి.

పావురం పడితే పదిమంది పరుగెత్తుతారు. గద్ద పడితే? “కోడిపిల్లల్ని తన్నుకుపోయేదే కదా, దాని పాపం పండింది” అనేవారు మనలో లేకపోలేదు. చంపి బ్రతికే ప్రాణికి కరుణ పొందే అర్హత ఉందా? ఇది చిన్న ప్రశ్న కాదు.

ఢిల్లీలో నదీమ్ షెహజాద్, మొహమ్మద్ సవూద్ అనే ముస్లిం సోదరులు ఉన్నారు. యౌవనంలో వారు గాయపడిన గద్దను ఒక పక్షుల ఆసుపత్రికి తీసుకువెళితే, మాంసం తినే పక్షిని చేర్చుకోమని తిప్పి పంపారు. తరువాతి కాలంలో ఆ అన్నదమ్ములే గద్దలకు వైద్యం చేయసాగారు. వారి సేవను 2022లో వచ్చిన ‘ఆల్ దట్ బ్రీద్స్’ అనే డాక్యుమెంటరీ చిత్రం లోకానికి చూపింది. అహింసను నిష్ఠగా పాటించేవారి మనస్సాక్షిని మనం తేలికగా తీసిపారేయకూడదు. కానీ గద్ద వేటాడటం నిజంగా దోషమేనా?

పదమూడవ శతాబ్దంలోనే పునీత తోమాసు అక్వినాసు దీనికి బదులిచ్చారు. మానవుని పాపంవల్ల జంతువుల స్వభావం మారిపోలేదనీ, సింహాలూ డేగలూ మొదట గడ్డి తిని బ్రతికేవనడం హేతువుకు నిలవదనీ ఆయన బోధించారు. పాపానికి తెలివీ స్వేచ్ఛా కావాలి. గద్దకు ఉన్నవి ఆకలీ, గోళ్ళూ మాత్రమే. యోబు గ్రంథం 39వ అధ్యాయంలో దేవుడు డేగనూ, నెత్తురు త్రాగే పిల్లలున్న పక్షిరాజునూ తన జ్ఞానానికి సాక్ష్యంగానే చూపిస్తాడు, ఎక్కడా వాటిని నిందించడు.

మరి పడిపోయిన పక్షి ఏదో తెలుసుకోవడం అనవసరమా? కాదు, చాలా అవసరం. ముదురు గోధుమ రంగు, చివర చీలిన తోక ఉంటే అది నల్ల గద్ద. తెల్లని తల, ఇటుక రంగు ఒళ్ళు ఉంటే గరుడ పక్షి. పావురమంత ఉండి, రొమ్ముపై అడ్డచారలు ఉంటే చిన్న డేగ కావచ్చు. వీటికి జాలిపడి పాలూ అన్నమూ పెడితే మేలు జరగదు. నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరి ఆడక చావవచ్చు. ముక్కు కంటె కాలిగోళ్ళే ప్రమాదం. కాబట్టి మందపాటి గుడ్డ కప్పి, గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో, చీకటిలో, సద్దు లేని చోట ఉంచి, అటవీశాఖవారికో పశువైద్యునికో వెంటనే కబురు చేయాలి. ఇంట్లో పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి విరుద్ధం.

తెలియనితనం ఎంత కీడు చేస్తుందో రాబందుల కథ చెబుతుంది. పశువుల నొప్పి తగ్గించడానికి వాడిన డైక్లోఫెనాక్ మందు, ఆ కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసి వాటిని దాదాపు తుడిచిపెట్టింది. ప్రభుత్వం 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించింది. ఒక ప్రాణికి ఔషధం మరొక ప్రాణికి విషమైంది.

కనుక “ఇది ఏ పక్షి?” అన్న ఒకే ప్రశ్నను రెండు విధాలుగా అడగవచ్చు. సాయం చేయాలా వద్దా అని తేల్చడానికి అడిగితే అది తీర్పరి ప్రశ్న. ఎలా సాయం చేయాలో తెలుసుకోవడానికి అడిగితే అది వైద్యుని ప్రశ్న. మంచి సమరీయుడు దారిలో పడివున్నవాని కులగోత్రాలు విచారించలేదు. గాయాలను మాత్రం చూశాడు. వాటికి నూనె, ద్రాక్షరసం కావాలని ఎరిగి పోశాడు.

ప్రియ విశ్వాసులారా, మన విచారణలలో మనం అడిగేది ఏ ప్రశ్న? ఆపదలో ఉన్నవాడు గుమ్మం ముందు నిలిస్తే, “వీళ్ళు ఏమిటోళ్ళు?” అని మొదట అడుగుతున్నామా? తాగుబోతు బిడ్డకు ఫీజు కట్టడానికి, జైలు నుండి వచ్చినవానికి పని ఇవ్వడానికి వెనుకాడుతున్నామా?

“మనుషులే పస్తులుంటే గద్దకు వైద్యమా?” అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మానవుల దైన్యాన్ని తీర్చడానికి ముందుగా వెచ్చించవలసిన ధనాన్ని జంతువులపై ఖర్చు చేయరాదని మన శ్రీసభ సత్యోపదేశమూ చెబుతుంది. నిష్కారణంగా జంతువులను బాధించడం మానవ గౌరవానికి తగదని కూడా అదే చోట చెబుతుంది. అట్టపెట్టెకూ, పాత దుప్పటికీ, ఒక ఫోనుకూ పేదవాని అన్నం తరగదు. మాంజా కొనకపోతే ఆ ఖర్చూ మిగులుతుంది.

నయమైన గద్ద కృతజ్ఞత చెప్పదు, వెనక్కి తిరిగి చూడదు, ఎగిరిపోయి మళ్ళీ వేటాడుతుంది. బదులు రాదని తెలిసీ చేసే ఇలాంటి మేలు మన హృదయాన్ని సరిచేస్తుంది. గద్ద దగ్గర ఈ పాఠం నేర్చినవాడు, గుమ్మంలో నిలిచిన మనిషిని “నీ గాయం ఎక్కడ?” అని ముందుగా అడుగుతాడు.