కాళ్ళ రంగు

మా బ్లాకు కింద రోజూ తెల్లవారకముందే కోడి కూస్తుంది. సింగపూర్‌లో, పదకొండో అంతస్తులో పడుకున్నవాడిని కోడి నిద్రలేపుతుందంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. ఇక్కడి ప్రభుత్వ ఫ్లాట్లలో కోళ్ళని పెంచకూడదు. ఇవి ఎవరూ పెంచనివి. పొదల్లో ఏరుకు తిని, రాత్రికి చెట్టెక్కేవి. పుంజు డేగరంగు. పెట్టల్లో ఒకటి నల్లది, ఒకటి తెల్ల మచ్చలది.

ఓ రోజు మా అమ్మాయి అడిగింది: "నాన్నా, ఇవి ఒరిజినలా, మిక్సా?"

బళ్ళో చెప్పారట. అసలైన ఎర్ర అడవికోడికి కాళ్ళు బూడిదరంగులో ఉంటాయట, చెవి దగ్గర తెల్లమచ్చ ఉంటుందట. కాళ్ళు పసుప్పచ్చగా ఉంటే పెంపుడుకోడి కలిసినట్టేనట.

ఆ ప్రశ్న వినగానే నాకు సిన్ మింగ్ కోళ్ళు గుర్తొచ్చాయి. ఆ పేటలో కూతల గోల భరించలేకపోతున్నామని కొందరు ఫిర్యాదు చేస్తే, అధికారులు 24 కోళ్ళని చంపించారు. 2017 మొదట్లో ఆ సంగతి బయటికొచ్చి ఊరంతా వాదించుకుంది. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్నవాడి నిద్రా నిజమే, కోడి ప్రాణమూ నిజమే. కానీ వాదన అక్కడ నిలబడలేదు. అవి ఈ నేల మీద పుట్టిన అరుదైన అడవికోళ్ళని కొందరు, కాదు వట్టి పెంపుడుకోళ్ళేనని కొందరు. కూతకి చావా అన్న ప్రశ్న పక్కకిపోయి, పుట్టుక ప్రశ్న ముందుకొచ్చింది. కోళ్ళ మీద జాలిపడ్డవాళ్ళు కూడా వాటి వంశం చెప్పి కాపాడబోయారు. అంటే, వంశం తేలకపోతే చంపొచ్చనేగా!

మా మామ్మ పెరట్లో అన్నిరకాల కోళ్ళూ ఉండేవి. నాటుపెట్టలు, తెల్ల లెగ్‌హార్న్‌లు, ఎవరో ఇచ్చిన పందెంపుంజు. లెగ్‌హార్న్ గుడ్లు బాగానే పెడుతుంది కానీ పొదగదు. ఆ గుడ్లు తీసుకెళ్ళి నాటుపెట్ట కింద పెట్టేది మామ్మ. ఓసారి బాతుగుడ్లు కూడా పెట్టింది. "వాటినీ పొదుగుతుందా?" అంటే, "గుడ్డు కులం అడిగి పొదుగుతుందట్రా పెట్ట?" అని నవ్వింది.

ఎంత గొప్ప మాట! కానీ ఆ మామ్మే మా పాలేరుకి మంచినీళ్ళ గ్లాసు విడిగా పెట్టేది. చూరు కింద దాని చోటు దానికే. మరో సంగతి, పొదిగిన పెట్ట అడగకపోయినా మంద ఊరుకోదు. కొత్తకోడిని తెచ్చి వదిలితే నాలుగు రోజులు ముక్కులతో పొడిచి పెడుతుంది. కాబట్టి కోళ్ళ నుంచి నీతి నేర్చుకుందామంటే, ఏ కోడి నుంచో ముందు చూసుకోవాలి.

పసుపుకాళ్ళ సంగతి 2008లో వెలువడిన ఓ జన్యు పరిశోధనలో తేలింది. పెంపుడుకోళ్ళ చర్మానికీ కాళ్ళకీ ఆ పసుపునిచ్చే జన్యువు ఎర్ర అడవికోడిది కాదు. అది మన దక్షిణ భారతపు అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందట. ఇక్కడ "అసలుది కాదు" అనడానికి చూపించే గుర్తు, ఎప్పుడో మన వైపు నుంచి వలస వచ్చిన రంగన్నమాట!

అలాగని పుట్టుక అడగడమే తప్పని నేననను. 2023లో నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ సింగపూర్ పరిశోధకులు పాత మ్యూజియం నమూనాలతో పోల్చి, పెంపుడుకోళ్ళ కలయిక వల్ల అడవికోడి తన అడవి లక్షణాన్ని పోగొట్టుకుంటోందని చూపించారు. ఒక అడవిజాతి మిగలాలంటే ఎక్కడ ఏది ఉందో తెలియాలి. అది కాపాడ్డానికి అడిగే ప్రశ్న. ఎదురుగా ఉన్న ప్రాణికి బతికే హక్కు ఉందా లేదా అని తేల్చడానికి అదే ప్రశ్న అడిగితే మాత్రం, అది మామ్మ గ్లాసే. కూత ఇబ్బంది అయితే కూత గురించే మాట్లాడాలి. అచ్చమైన అడవిపుంజు కూసినా నిద్రపోయేవాడికి మెలకువ ఒకటే.

మధ్యాహ్నం హాకర్ సెంటర్లో చికెన్ రైస్ తినేవాణ్ణి, ప్రాణం తియ్యకూడదని చెప్పే అర్హత నాకు లేదు. అడిగేది ఒక్కటే: చంపేటప్పుడైనా, కారణం నిజంగా కారణమేనా అని.

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. శ్రద్ధగానే వింది. మర్నాడు పొద్దున్నే ఇద్దరం కిందికి దిగాం. పుంజు ఎదురొచ్చింది. నా చూపు ముందు దాని కాళ్ళ మీదికే పోయింది.