వయోభేదము – మైత్రి

సమవయస్కుల నడుమ స్నేహము సహజమని అందరమును ఒప్పుకొందుము. డెబ్బదేండ్ల వృద్ధునకును ఇరువదిరెండేండ్ల యువకునకును మైత్రి కుదిరినదనగానే లోకము సందేహించును. ఇది భక్తియా, ప్రయోజనాపేక్షయా, లేక పుత్రవాత్సల్యమా యని అడుగును. ఆ సందేహము అకారణము కాదు. మన యిండ్లలో పెద్దలు మాటలాడుదురు, పిన్నలు విందురు. వినుటయే స్నేహమని పెద్దలు భ్రమపడుదురు. సిఫారసు ఉత్తరము కొఱకు వచ్చి కూర్చున్న కుఱ్ఱవాడును తల యూపును గదా!

కావున నొక పరీక్ష కావలెను. ఆ యువకుడు "అయ్యా, ఈ విషయమున తమరు పొరబడుచున్నారు" అని నిర్భయముగా అనగలడా? అనిన మరునాడును ఆ యింటి తలుపు అతనికి తెరచియుండునా? వినయము విడువ నక్కరలేదు. "తమరు" అను మాట అట్లే యుండవచ్చును. కాదనుటకు చోటు లేనిచో మాత్రము దానిని ఆశ్రయమనవలెను.

ఇంతకంటె కఠినమైన పరీక్ష పెద్దవానిది. ఇచ్చుట ఆయనకు అలవాటే, పుచ్చుకొనుటయే కష్టము. ఇచ్చట 12వ శతాబ్దపు సొన్నలిగె సిద్ధరామేశ్వరుడు స్మరణీయుడు. నేటి షోలాపురమే ఆ సొన్నలిగె. చెఱువు త్రవ్వించి, గుడి కట్టించి, జనుల మన్నన లందిన కర్మయోగి ఆయన. అట్టివాడు అల్లమప్రభువు వెంట కల్యాణమునకు వచ్చి, తనకంటె చిన్నవాడైన చెన్నబసవన్న చేత ఇష్టలింగదీక్ష గైకొనెనని శూన్యసంపాదనము చెప్పుచున్నది. చెన్నబసవన్న బసవేశ్వరుని అక్క నాగమ్మ కుమారుడు. ఇన్ని ధర్మకార్యములు చేసిన నాకు ఈ పిన్నవాడు నేర్పున దేమని తలచుటకు సిద్ధరామునకు కావలసినంత అవకాశము కలదు. సంప్రదాయము ననుసరించి శూన్యసింహాసనమున అల్లమప్రభువు తరువాత చెన్నబసవన్నయు, ఆయన తరువాత సిద్ధరాముడును కూర్చుండిరి. చిన్నవాని తరువాత పెద్దవాడు!

ఇది గురుశిష్య సంబంధమే గాని స్నేహము కాదని కొందరు ఆక్షేపింపవచ్చును. సగము నిజమే. అయితే ఆ దీక్ష చర్చ లేకుండ జరుగలేదు. పెద్దవాని సంశయములు బయటికి వచ్చినవి. పిన్నవాడు వానికి బదులు చెప్పెను. ఎవరును ఎవరిని వయస్సు చూపి నోరు మూయించలేదు. స్నేహమునకు ఇంతకు మించి ఏమి కావలెనో నాకు తోచదు.

ఇట్టి మైత్రిలో పెద్దవాడు ముందుగా వెడలిపోవునని, పిన్నవాడు ఆ యెడబాటునకు మొదటి నుండియు సిద్ధపడి యుండవలెనని అనుకొందుము. ఆ లెక్కయు ఇక్కడ తప్పినది. 1167 ప్రాంతమున కల్యాణమున కల్లోలము చెలరేగిన పిదప చెన్నబసవన్న ఉళవికి చేరి అచ్చటనే లింగైక్యమందెను. పిన్న మిత్రుని పోగొట్టుకొని మిగిలినవాడు సిద్ధరాముడు. ఆయన సమాధి నేటికిని షోలాపురమున, చెఱువు నడుమ నున్న ఆ గుడి ఆవరణలోనే యున్నది.