ఊఁ కొట్టేవాళ్లు

సామర్లకోటకు మేము రైలెక్కడానికి వస్తాం, శిక్షణ తరగతులకు వస్తాం. అడ్డతీగల వైపు నుంచి ఏలేశ్వరం, పెద్దాపురం దాటి ఇక్కడ దిగేసరికి ఫోనులో సిగ్నల్ గీతలు నిండుతాయి. దాంతో కొన్నేళ్లుగా మూడో పని కూడా చేరింది. పాఠాలు దించుకోవడం. కాకినాడ లైను విడిపోయే ఆ జంక్షన్‌లో బల్ల మీద కూర్చుని మెమరీ కార్డు నింపుకుంటున్న మాస్టారు కనబడితే మావాడే అనుకోండి. సంతకు దిగినవాళ్లు ఉప్పు, ఎండుచేపలు మూటగట్టుకున్నట్టు మేము వీడియోలు, బొమ్మల కథలు మూటగట్టుకుంటాం. కింద దించుకున్నదాన్ని కొండ మీదికి ఎక్కించాలి.

ఆ మూట పనికిరాదని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఒకే గది, ఒకే మాస్టారు, అయిదు తరగతులు ఉన్న బడిలో పనిచేసినవాళ్లకు దాని విలువ తెలుసు. 2017లో మొదలైన దీక్ష యాప్‌లో పాఠ్యపుస్తకం మీది క్యూఆర్ కోడ్ చూపిస్తే ఆ పాఠం వీడియోలు, అభ్యాసాలు వస్తాయి. సిగ్నల్ ఉన్నచోట దించుకుని లేనిచోట చూపించవచ్చు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో తెచ్చిన స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు పిల్లలు చదవగలిగే స్థాయిని బట్టి విడదీసి ఉంటాయి, తెలుగులోనూ ఉంటాయి. మాకు మాత్రం అన్నిటికంటే అరవింద్ గుప్తా గారి వెబ్‌సైటు ఇష్టం. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు, పాత కాగితాలతో ఆటవస్తువులు చేసి సైన్సు చెప్పే పద్ధతులు అందులో ఉంటాయి. మాస్టారు ఒకసారి చూసి నేర్చుకుంటే చాలు, తరగతిలో ఫోను తీయనక్కర్లేదు.

అయినా ఒక ప్రశ్న మమ్మల్ని కుదురుగా ఉండనివ్వడం లేదు. ఎవరో ఎక్కడో తయారుచేసిన పాఠాన్ని పిల్లల ముందు పెట్టి, గంట కొట్టాక "ఇవాళ పాఠం చెప్పాను" అనుకోవడం న్యాయమేనా?

మాలో ఒకరు రెండో తరగతికి 'మన ఇల్లు' అనే వీడియో చూపించారు. సోఫా ఉన్న గది, ఫ్రిజ్ ఉన్న వంటిల్లు, పూలకుండీలున్న బాల్కనీ. కొండరెడ్డి పిల్ల ఒకతి కన్నార్పకుండా చివరిదాకా చూసి, "ఇది ఎవరిల్లు మాస్టారూ?" అని అడిగింది. ఆమె అడిగేలోపే వీడియోలో చప్పట్లు మోగి తర్వాతి పాఠం మొదలైపోయింది. మాస్టారు నవ్వి ఊరుకున్నారు. ఊరుకున్నందుకు ఆ రాత్రి నిద్ర పట్టలేదని మాతో చెప్పారు.

కోయ, సవర పిల్లల ఇంటి భాష తెలుగు కాదని కనీసం కాగితం మీద ఒప్పుకుంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని గిరిజన భాషల్లో వాచకాలు కూడా వేశారు. కొండరెడ్లు మాట్లాడేది తెలుగే. తెలుగే కాబట్టి తెలుగు వీడియో పెడితే సరిపోతుందని అందరం అనుకుంటాం. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది, వీలైనంతవరకు మాతృభాషలోనే చెప్పాలని 2009 విద్యాహక్కు చట్టమూ అంటోంది. కానీ ఆ పిల్ల అడిగింది భాష గురించి కాదు, ఇంటి గురించి.

ఈ సంగతి మీద మాలో వాదన జరిగింది. "చూడని లోకాన్ని చూపించడమే కదా బడి పని! మన పిల్లలు సముద్రాన్ని ఫోనులోనే చూశారు. తడిక గోడ, గడ్డి కప్పు వాళ్లకు తెలిసినవేగా, అవి మళ్లీ వీడియోలో ఎందుకు?" అని ఒకరు గట్టిగా అన్నారు. ఆ మాటలో నిజముంది. కొండపిల్లలకు కొండ చాలు అనేవాళ్లను మేమూ నమ్మం. వాళ్లు తమ పిల్లలను పట్నంలో చదివిస్తారు. కాబట్టి ఆ వీడియోలో ఫ్రిజ్ ఉండటం తప్పు కాదు. తప్పల్లా 'మన' అనే మాటలో ఉంది. దాన్ని ఆపి, "ఇది పట్నంలో ఒకరిల్లు. మనిల్లు ఎట్లా ఉంటుందో నువ్వు చెప్పు" అనే మనిషి గదిలో ఉంటే అదే వీడియో మంచి పాఠమవుతుంది. ఆ మనిషి ఇద్దరు పిల్లల రాతలు దిద్దుతూ అటు తిరిగి ఉంటే, వీడియో ఆ పిల్లకు చెప్పే మాట ఒకటే: నీది ఇల్లు కాదు.

పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారికి దించుకోవడానికి ఏమీ లేదు. సవర పిల్లలకు చెప్పాలంటే ముందు తనకు సవర రావాలనుకున్నారు. సవరలను ఇంటికి పిలిపించుకుని నేర్చుకున్నారు, వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ఆయన సవర వ్యాకరణ గ్రంథం 1931లో మద్రాసులో అచ్చయింది. 1943లో ఆదిలాబాద్ ప్రాంతంలోని మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో వేశారు. ఇద్దరూ బయటివాళ్లే. మన మాటలు తీసుకున్నారు, వాచకాలుగా తిరిగి ఇచ్చారు. అదే హైమన్‌డార్ఫ్ 1945లో కొండరెడ్ల మీద రాసిన పెద్ద పుస్తకం మాత్రం మేము తిరిగిన కొండరెడ్ల ఇళ్లలో ఎక్కడా కనబడలేదు.

మనం మాత్రం సామర్లకోటలో తీసుకుంటూనే ఉన్నాం, ఇచ్చింది ఏమీ లేదు. అందుకని మన కథలు మనమే పెడదామని బయలుదేరాం. అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. స్టోరీవీవర్‌లో కథలు చాలావరకు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు మీద ఉంటాయి. రాసినవారి పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అచ్చువేసి అమ్ముకోవచ్చు కూడా. ఆ స్వేచ్ఛ వల్లే మాలాంటివాళ్లం అందులోని కథను మన పిల్లల మాటల్లోకి మార్చుకోగలుగుతున్నాం. అదే స్వేచ్ఛ మన అవ్వ కథకు కూడా వర్తిస్తుంది. 'రాసినవారు' అన్నచోట ఎవరి పేరు పెట్టాలి? ఎక్కించిన మాస్టారిదా, చెప్పిన అవ్వదా, ఆమెకు చెప్పినవాళ్లదా? ఎవరో అచ్చువేసి అమ్ముకుంటే ఊరికి చెప్పాల్సింది ఎవరు?

ఈ చిక్కు తేలకుండానే ఒక అవ్వ దగ్గరికి వెళ్లాం. ఎలుగుబంటి జీలుగు కల్లు తాగిన కథ ఆమె చెబుతుంటే పిల్లలు పడీపడీ నవ్వుతారని విన్నాం. ఫోను ఎదురుగా పెట్టి, చప్పుడు పడకూడదని పిల్లలను దూరంగా కూర్చోబెట్టి, మేమూ నోరు కట్టుకుని కూర్చున్నాం. ఎలుగు చెట్టెక్కే చోటుకు వచ్చి అవ్వ ఆగిపోయింది.

"ఇంటన్నారా, లేదా?"

"వింటున్నాం అవ్వా, చెప్పు."

"మరి ఊఁ కొట్టరేటి? ఊఁ కొట్టకపోతే నేనెవురికి చెప్పాల?"

ఫోను వింటోందని చెప్పాం. ఆమె దానివైపు చూసి, "అది నిద్రపోతే నాకెట్టా తెలుస్తాది?" అంది.

మేము నవ్వాం. తర్వాత మాకు 'మన ఇల్లు' వీడియో గుర్తొచ్చింది. పిల్లలు నిద్రపోయినా, ప్రశ్న అడిగినా, ఏడ్చినా దానికి తెలియదు. చప్పట్లు మోగించుకుని వెళ్లిపోతుంది. కథ చెప్పడం అంటే అవతలివాడి ఊఁ కోసం ఆగడమని ఏ శిక్షణ తరగతికీ వెళ్లని అవ్వకు తెలుసు. శిక్షణ తీసుకున్న మేము పిల్లలను దూరంగా కూర్చోబెట్టాం.

పిల్లలను దగ్గరికి పిలిచి మళ్లీ మొదటినుంచి చెప్పించాం. ఈసారి రికార్డింగులో కథ కంటే ఊఁలు, నవ్వులే ఎక్కువ వినబడుతున్నాయి. మధ్యలో ఒక కోడి కూడా అరిచింది. పద్ధతి ప్రకారం చూస్తే పనికిరాని రికార్డింగు. మేము ఒక్క ఊఁ కూడా కత్తిరించలేదు.

నెట్‌లో పెట్టమంటావా అని అడిగితే, అమ్ముకోవడం సంగతి కూడా దాచకుండా చెప్పి అడిగితే, అవ్వ వెంటనే ఏమీ అనలేదు. ఈ కథ తనొక్కతిదీ కాదంది. మామిడి కొత్త నాడు పెద్దలంతా ఒకచోట కూర్చుంటారు, ఆ రోజు వచ్చి అడగమంది. చెట్ల మీద కాయలు అప్పటికే కనబడుతున్నాయి. పండుగ కాకుండా ఎవరూ నోట పెట్టరు. మెమరీ కార్డు మా సంచిలోనే ఉంది. మేము సామర్లకోట వెళ్లివచ్చిన ప్రతిసారీ పిల్లలు అడుగుతున్నారు, మా ఊఁలు ఎక్కించారా అని. ఇంకా లేదని చెబుతున్నాం.