నీటి స్నేహం

మా ఆవిడ పోయిన ఏడాదికి బావమరిది వచ్చి బీరువా వైపు చూశాడు. "ఇంకా ఆ చీరలన్నీ అట్లాగే ఉంచావా? ఈ వయసులో తామరాకు మీద నీటిబొట్టులా ఉండాలి బావా. ఒక్కసారిగా అన్నీ ఇచ్చెయ్, మనసు తేలికవుతుంది." నా మంచికే అన్నాడు. కానీ ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి. నీటిబొట్టు మాటెత్తితే ఊరుకోలేను.

ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతపుస్తకాలు తిరగెయ్యడం నా అలవాటు. ఆ వారం పోటీపరీక్షల గైడ్ల కింద అట్ట ఊడిన తర్కసంగ్రహం దొరికింది. తెలుగువాడైన అన్నంభట్టు రాసింది. తర్కం మొదలుపెట్టేవాళ్ళకి శతాబ్దాలుగా అదే మొదటి వాచకం. నాంపల్లి స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో చాయ్ చెప్పి తెరిచాను. అందులో చెప్పిన ఇరవై నాలుగు గుణాల్లో ఒకటి 'స్నేహం'. నీటికి మాత్రమే ఉండే గుణమట. పిండి లాంటి పొడి ముద్ద కావడానికి కారణం అదేనట.

నాకు మా వంటిల్లు గుర్తొచ్చింది. ఆవిడ పోయాక చపాతీ పిండి కలపడం మొదలుపెట్టాను. మొదటిరోజు పొడిపొడిగా రాలుతోందని ఇంకాస్త, ఇంకాస్త అని నీళ్ళు పోసి జావ చేశాను. ఆవిడైతే చేతితడి అద్దుతూ, పిడికిలితో అదిమి, తడిగుడ్డ కప్పి అరగంట పక్కన పెట్టేది. ఆ అరగంటలో జరిగేది నాకు పాఠంగా తెలుసు, చేత్తో తెలియదు.

పాఠం ఇది. నీటి అణువులో ఆక్సిజన్ ఎలక్ట్రాన్లని తనవైపు లాక్కుంటుంది. అటు కాస్త రుణావేశం, హైడ్రోజన్ల వైపు కాస్త ధనావేశం. దాంతో ఒక అణువు హైడ్రోజన్ పక్క అణువు ఆక్సిజన్ వైపు ఒరుగుతుంది. పిండిలోని స్టార్చితో, ప్రొటీన్లతో కూడా నీరు ఇలాగే చెయ్యి కలుపుతుంది. హైడ్రోజన్ బంధం అనే ఈ పట్టు బలం అణువు లోపలి బంధంలో సుమారు ఇరవయ్యో వంతు. నీళ్ళలో అది సెకనులో లక్ష కోట్లవ వంతు సేపు నిలిచి, తెగి, ఇంకో చేతిని పట్టుకుంటుంది. ఆ మాత్రం పట్టు కూడా లేకపోతే? హైడ్రోజన్ సల్ఫైడ్‌ని చూడండి. నీటికన్నా బరువైన అణువే, కానీ ఈ పట్టు చాలా తక్కువ. మైనస్ 60 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. నీరూ అలాంటిదే అయితే హుస్సేన్‌సాగర్ ఉండేది కాదు, నా చాయ్ ఉండేది కాదు.

తార్కికులతో ఒక్కచోట నాకు పేచీ. నూనె జిడ్డుకి కారణం కూడా అందులోని నీరే అన్నారు. కాదు. అక్కడ పనిచేసేది వాండర్‌వాల్స్ బలం, ఎలక్ట్రాన్లు క్షణక్షణం అటూ ఇటూ జరగడం వల్ల పుట్టే ఇంకో రకం పట్టు.

ఈ పట్ల కథలో నేను చాయ్ తాగుతున్న చోటికి దగ్గర్లోని ఒక ఇల్లు కూడా ఉంది, నాంపల్లి స్టేషన్ రోడ్డులోని గోల్డెన్ థ్రెషోల్డ్. సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఇల్లు. ఎడిన్‌బరోలో డాక్టరేట్ చేసిన ఆయనకి పరుసవేది మీద కూడా మోజు. 1974లో పుట్టిన సెంట్రల్ యూనివర్సిటీ మొదట నడిచింది ఆ ఇంట్లోనే. తర్వాత ఆ యూనివర్సిటీలోనే గౌతమ్ దేశిరాజు మూడు దశాబ్దాలు ఉండి, హైడ్రోజన్ బంధాల్లోకెల్లా బలహీనమైనవాటి వెంటపడ్డారు. 1999లో వాటి మీద ఒక పుస్తకమే తెచ్చారు. బంగారం వెతికిన ఇంట్లో మొదలైన బడి, ఎవరూ ఖాతరు చెయ్యని చిన్న పట్లకి లెక్క కట్టింది.

ఇక తామరాకు. గీత అయిదో అధ్యాయంలో పోలిక ఆకుతో. వాడుకలో మనం దాన్ని బొట్టుకి తిప్పాం. ఆకు మీద కంటికి కనపడని బుడిపెలు, వాటి మీద మైనం, మధ్యలో గాలి. నీటికి అక్కడ పట్టు దొరకదు. కానీ బొట్టు గుండ్రంగా నిలిచేది ఆకుని వదిలినందుకు కాదు, తనలోని అణువులు ఒకదాన్నొకటి పట్టుకున్నందుకు. అన్నీ వదిలేస్తే మిగిలేది బొట్టు కాదు, ఆవిరి.

అణువుల్లోంచి నీతి పిండడం తప్పే. వాటికి మమకారం లేదు. కానీ ఆ పోలిక తెచ్చింది నేను కాదు, వేదాంతులు. పోలిక సరిగ్గా ఉందా లేదా అని దిద్దడం లెక్చరర్ పని. దిద్దితే నాకు తేలింది ఇదీ: వైరాగ్యమంటే పట్టు లేకపోవడం కాదు, ఒక్కచోటే బిగుసుకుపోకపోవడం.

ఇంతలో చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కట్ సగం విరిగి కప్పు అడుగుకి పోయింది. పిండిని ముద్ద చేసే నీరే బిస్కట్‌ని విడదీసింది. అదే పట్టు, అదే స్నేహం. చెంచాతో తీసి తిన్నాను.

ఇంటికొచ్చి బావమరిదికి ఫోన్ చేశాను. "చీరలు తీసుకెళ్ళు, కట్టుకునేవాళ్ళకి ఇవ్వు. ఆకుపచ్చ గద్వాల చీర ఇప్పుడే కాదు. చపాతీ పీట, కర్ర అసలు ఇవ్వను."

"మళ్ళీ అదే కదా బావా!" అన్నాడు.

"అదే," అన్నాను. "పిండి కలిపి గుడ్డ కప్పాను. అరగంటలో రా."