పూవు కోయుట హింసయా?

సోమశిల జలాశయమునకు చేరువనున్న అనంతసాగరము మొదలు ఆత్మకూరు, ఉదయగిరి వఱకు గల మెట్టసీమలో, వైశాఖపు వడగాలికి పచ్చిక మాడి నేల బీటలు వాఱినపుడు సైతము, బావి గట్టున గిన్నెలు కడిగిన నీటితోనే బ్రతుకుచు, తెల్లవాఱుసరికి కొమ్మకొమ్మకు తెల్లని పూలు దాల్చి నిలుచు పెరటిచెట్టు నందివర్ధనము. ఆ పూలను సజ్జనిండ కోసి దేవుని పటము ముందుంచు గృహస్థునకు ఎన్నడో ఒకనాడు సందేహము కలుగక మానదు: ఏ ప్రాణిని నొప్పింపరాదని బోధించు ధర్మమే, ప్రాణమున్న మొక్కనుండి దాని సొగసును త్రుంచి తెమ్మని యేల విధించినది?

కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారు ‘పుష్పవిలాపము’న పూవు చేతనే ఈ మాట యడిగించిరి, ఘంటసాలవారి కంఠమున అది తెలుగువారి యిండ్లలో మాఱుమ్రోగినది. పూర్వులును దీని నెఱుగనివారు కారు. అహింస మొదలుగా ఎనిమిది భావపుష్పములను పేర్కొని, అవియే భగవంతునకు ప్రీతికరములని పౌరాణికులు చెప్పిరి. అయినను తోటలు పెంచుట మానలేదు. 1514లో ఉదయగిరి దుర్గమును గజపతులనుండి గెలిచి, అచ్చటి బాలకృష్ణమూర్తిని విజయనగరమునకు గొనిపోయిన కృష్ణదేవరాయలు, ‘ఆముక్తమాల్యద’లో కథానాయకునిగా నిలిపినది శ్రీవిల్లిపుత్తూరున పూదోట పెంచి స్వామికి మాలలు కట్టిన విష్ణుచిత్తుని. రామానుజుల యాజ్ఞచే తిరుమలలో నందనవనము వేసిన అనంతాళ్వారుల కథ నాకు మఱింత విలువైనది. గర్భవతియైన భార్య మట్టి మోయుచుండగా, వారించినను వినక సాయమునకు వచ్చిన బాలునిపై ఆయన గడ్డపాఱ విసరెననియు, ఆ గాయము స్వామి చుబుకమున కానవచ్చెననియు ఐతిహ్యము. తిరుమల మహాద్వారమున నేటికిని వ్రేలాడుచున్నది ఆ గడ్డపాఱయే యని ప్రతీతి. పూలసజ్జను గాక మట్టి త్రవ్విన పనిముట్టును స్మరణచిహ్నముగా నిలుపుకొన్న సంప్రదాయము, సేవ యెచ్చట మొదలగునో చెప్పకయే చెప్పినది.

ఇక మొక్కను చూడుడు. ముద్ద నందివర్ధనము విత్తుకట్టుట అరుదు. పూవు ఒకటి రెండు దినములు విచ్చియుండి, ఎవరు కోసినను కోయకున్నను, అంచులు గోధుమవన్నెకు తిరిగి రాలిపోవును. మొక్క ప్రాణము వేరునందును, కాండమునందును, రేపటి మొగ్గను దాచుకొన్న కొమ్మకొననందును ఉన్నది. వానలు పడుచుండగా ముదురుకొమ్మను చిటికెనవ్రేలి లావున ఖండించి, రెండు కణుపులు మట్టిలో మునుగునట్లు నీడపట్టున నాటిన, అదియే వేఱొక చెట్టగును. మన పెరళ్లలోని ముద్ద నందివర్ధనములు పెక్కు ఈ విధముగా ఒక యింటినుండి మఱియొక యింటికి వచ్చిన కొమ్మలే. అందుచేత కత్తి తగిలినంతనే హింస యనుట తగదు. పూవు విచ్చకముందే మొగ్గలు దూయుట, ఒక్క పూవుకై కొమ్మ విఱుచుట, ఏడాదియంతయు కోయుచు ఎండలో ఒక్క చెంబు నీరైన పోయకుండుట హింస యని నా నిశ్చయము.

తోటమాలికి నిజమైన ధర్మసంకటము పూవువద్ద కాదు, పురుగువద్ద. నందివర్ధనపు టాకులను ఒక పచ్చని లావుపాటి పురుగు, తలకు దిగువ నీలికన్నులవంటి మచ్చలతో, తోకయొద్ద చిన్న కొమ్ముతో, రాత్రింబవళ్లు తిని చెట్టును మోడు చేయగలదు. అదియే పిదప సంధ్యవేళ పూలచుట్టు తిరుగు పెద్ద చిమ్మటయగును. దానిని నలుపుదమా? గన్నేరు దానికి ఇష్టమైన ఆహారము గనుక, కఱ్ఱపుల్లతో తీసి కంచెలోని గన్నేరుపై విడుచుట నాకు సమ్మతము. కొన్ని ఆకులు పోయినను చెట్టు మరల చిగుర్చును. విషము చల్లి రక్షించిన పూవును దేవునికిచ్చుటకు నా మనస్సంగీకరింపదు.

తెల్లవాఱకముందే పొరుగువారి గోడమీదుగా చేయి చాచి వారి చెట్టు పూలు కోసి పూజించుట మన యూళ్లలో తప్పుగా తోచదు. ఆ పూజలో పూవు దేవునికి చేరినను, నీరు పోసినవారి శ్రమకు చెల్లవలసిన ఋణము తీరదు. ఈశాన్యఋతుపవనము ఈ మెట్టసీమకు ఆశ్వయుజ కార్తికములలో వానలు తెచ్చును. ఆ వానలలో, ఈ ఋణము తలచి, పూలు కోయు ప్రతి పాఠకుడును ఒక నందివర్ధనపు కొమ్మను అడిగి తెచ్చి తన పెరటిలో నాటవలయునని నా ప్రార్థన.